లారీ హోరు

రేడియో గల యింట హోరు అను మాటకు వ్యాఖ్యానము అక్కరలేదు. వాల్వు సెట్ల దినములలో లోపలి కండెన్సరు ఒకటి ఎండిపోయినచో పాట వెనుక ఎడతెగని ‘ఊం’ అను నాదము పుట్టెడిది. పాట ఆగినను అది ఆగెడిది కాదు. సెట్టు బాగుచేయువాడు పెట్టె విప్పకముందే చెవి యొగ్గి విని, “ఇది స్టేషనుది కాదండీ, కరెంటు హోరు” అని తేల్చివేసెడివాడు. వానికి మంత్రమేమియు రాదు. మన దేశమున ఇండ్లకు వచ్చు కరెంటు సెకనునకు 50 ఆవృత్తములు తిరుగును. ఆ హోరు ఆ 50 కో, దాని రెట్టింపైన 100 కో సరిపోవును. శబ్దము సెకనునకు ఎన్ని మారులు కొట్టుకొనుచున్నదో పసికట్టినచో, అది ఎచ్చట పుట్టినదో సగము తెలిసినట్లే.

ఈ సంగతి లారీకిని చెల్లును. దానిని మేము క్రోసూరులో, ఒక మిరప కాలమున, ఒక దినమంతయు పొరపాటు పడిన పిమ్మట గ్రహించితిమి.

క్రోసూరు పల్నాటి సీమలోని ఊరు. 2022 ఏప్రిలులో నరసరావుపేట కేంద్రముగా పల్నాడు జిల్లా ఏర్పడువరకు గుంటూరు జిల్లాలో నుండెడిది. పత్తియు మిరపయు అచ్చటి రైతునకు ఆధారము. రైలు దారి సత్తెనపల్లి మీదుగా పోవును గాని క్రోసూరికి రాదు. కనుక మిరప టిక్కీ కల్లము విడిచినది మొదలు గుంటూరు యార్డు చేరువరకు దానికి లారీయే దిక్కు. మాఘమాసము మొదలు చైత్రము వరకు అచ్చటి లారీకి విశ్రాంతి యుండదు. ఆ రోజులలో బండి రెండు దినములు నిలిచినచో రెండు దినముల కిరాయి మాత్రమే పోదు. రైతు వేరొక బండి కుదుర్చుకొనును, మరల ఆ యేడు మన మొగము చూడడు.

మాకు తెలిసిన వాడొకడు ఆ ఊర ఒక్క లారీకి యజమాని. నడుపువాడును తానే. ఒకనాటి సాయంకాలము వచ్చి అరుగుమీద కూర్చుండి, “బండి ఒకటే హోరు పెడతా ఉందండీ. నలభై దాటితే మొదలవుద్ది. నలభై ఎనిమిది కాడ చెవులు చిల్లులు పడతాయి. యాభై అయిదు దాటితే సగానికి సగం తగ్గుద్ది” అనెను. మరమ్మతు శాలవారు విని, వెనుక ఇరుసులోని క్రౌను చక్రమును పినియనును అరిగిపోయినవనియు, జత మార్చవలెననియు చెప్పిరట. ఆ జత వెల చిన్నది కాదు. “ఇంట్లో గొలుసుంది. రేపు బ్యాంకుకు పోదామనుకున్నా. పొయ్యేముందు మీరు ఒకసారి విని చెబితే...” అని మాట మధ్యలో ఆపెను.

ఇచ్చట లారీ కడుపులోని సంగతి కొంచెము చెప్పవలెను. ముందు ఇంజను. దాని వెనుక క్లచ్చి, దాని వెనుక గేరుబాక్సు. అచ్చటినుండి వెనుక ఇరుసు వరకు, బండి క్రిందుగా, పొడవైన ఇనుప గొట్టమొకటి తిరుగుచుండును. దానిని ప్రొపెల్లరు షాఫ్టు అందురు. పెద్ద లారీలలో అది రెండు ముక్కలుగా నుండి, నడుమ రబ్బరు దిండులో అమర్చిన సెంటరు బేరింగుపై ఆనియుండును. ఇరుసు నడుమనున్న గుండ్రని దిమ్మలో పినియను అను చిన్న పళ్లచక్రము, క్రౌను అను పెద్ద పళ్లచక్రమును త్రిప్పును. క్రౌను రెండు వైపుల చక్రములను త్రిప్పును. ఎడ్లబండికి ఇరుసు, చక్రము, కందెన తెలిసిన చాలును; కీచుమనినచో కందెన లేదని పసిపిల్లవాడును చెప్పును. లారీలో ఇన్ని అంగములు ఒకదానినొకటి పట్టుకొని తిరుగుచున్నవి. ఇనుప చట్రమంతయు ఒకే గంటవలె మ్రోగును గనుక ముందు పుట్టిన శబ్దము వెనుక వినవచ్చును, వెనుకది కాళ్లక్రింద వినవచ్చును. చెవి చూపిన చోట దోషముండునను నమ్మకము లేదు.

ఆ మరునాడు మేము చేసిన పని చెప్పుకొనుటకు కొంచెము సిగ్గుగానున్నది. ఊరి చివర వరకు బండి తోలించి, దిగి, చక్రముల నడిమి హబ్బులను చేతితో తాకి చూచితిమి. వెనుక కుడివైపుది తక్కినవాటికంటె వెచ్చగా తోచినది. “హబ్బు బేరింగు” అంటిమి. చక్రములు ఊడదీయించి, బేరింగులు కడిగించి, క్రొత్త గ్రీజు పెట్టించి, బిగువు సరిచూపించి, ఎక్కించునప్పటికి ప్రొద్దు గ్రుంకినది. మరల తోలి చూడగా హోరు ఎప్పటివలెనే యున్నది. అతడు ఒక్క మాట యనలేదు. ఆ యూరకుండుటయే మాకు చురుక్కుమన్నది. అసలు ఎండవైపు చక్రము వెచ్చగానుండుటలో వింత యేమున్నది?

హబ్బు బేరింగు చెడినచో దానిని కనుగొనుటకు చక్రము విప్పనక్కరలేదు. ఖాళీ రోడ్డున, మితమైన వేగమున, బండిని కొంచెము ఎడమకును, కొంచెము కుడికిని మలుపవలెను. మలుపులో బరువు బయటి చక్రముమీదికి ఒరగును. చెడిన బేరింగుమీద బరువు పడినప్పుడు గుర్రు హెచ్చును, తొలగినప్పుడు తగ్గును. ఈ చిన్న పరీక్ష మేము చేయలేదు. హబ్బు చేయి పెట్టలేనంతగా కాలి, దానితోపాటు గుర్రు వినబడినచో మాత్రము పరీక్షలకు కూర్చుండరాదు. బండి అక్కడనే నిలుపవలెను. అట్టి చక్రము ఊడి వచ్చుటయు కలదు.

రెండవనాడు తెల్లవారుజామున, రోడ్డు ఖాళీగానున్నప్పుడు, సత్తెనపల్లి దారిని బయలుదేరితిమి. అతడు స్టీరింగు కడ, మేము ప్రక్కన, పాలిటెక్నిక్కులో చదువుకొనుచున్న అతని కుమారుడు వెనుక. ఈసారి ఏమియు విప్పము, వినుటయే యని ముందుగా ఒప్పందము చేసికొంటిమి.

మొదట పై గేరులో 48 కిలోమీటర్ల వేగమున నడిపించి విని, అదే వేగమున ఒక గేరు క్రిందికి దింపించితిమి. ఇంజను గొంతు హెచ్చినది. హోరు మాత్రము అదే స్థాయిలో నిలిచియున్నది. బండి వేగమును అంటిపెట్టుకొని, ఇంజను వేగమును లెక్కచేయని శబ్దము ఇంజనుదియు కాదు, క్లచ్చిదియు కాదు, గేరుబాక్సు ముందుభాగముదియు కాదు. అది గేరుబాక్సు దాటిన తరువాతిది. ఒక్క గేరు మార్పుతో బండిలో ముందు సగము నిర్దోషియని తేలినది.

తరువాత ఆక్సిలేటరు త్రొక్కించియు వదలించియు వింటిమి. పినియను క్రౌనును లాగునప్పుడు పళ్ల యొక ముఖము ఆనును. కాలు తీసినప్పుడు బండియే ఇంజనును త్రోయును గనుక రెండవ ముఖము ఆనును. పళ్లు అరిగినను, వాని అమరిక తప్పినను ఈ రెండు దశలలోను శబ్దము ఒకే విధముగా నుండుట అరుదు. లాగునప్పుడు ఏడ్చి వదలినప్పుడు ఊరకుండును. లేదా వదలినప్పుడు ఏడ్చును. మా హోరు రెండింటను ఇంచుమించు సమానముగా నున్నది. గొలుసు తాకట్టు మాట అప్పుడే కొంత సడలినది.

పిమ్మట సమతలమున, ముందువెనుకల ఏ బండియు లేని చోట, కొన్ని క్షణములు మాత్రము న్యూట్రలులో ఉంచించితిమి. ఇంజను ఆపలేదు. లారీ బ్రేకులకు గాలి కూర్చునది ఇంజనే కనుక నడుచు బండిలో దానిని ఆపుట ప్రాణముతో చెలగాటము. పల్లములలో న్యూట్రలు మాట తలపెట్టనే రాదు. హోరు కొంచెము మెత్తబడినది గాని పోలేదు. ఎడమకు కుడికి మలిపించితిమి, మార్పు లేదు. తారు రోడ్డు విడిచి ఊళ్లలోని సిమెంటు రోడ్డు ఎక్కించితిమి. టైర్ల సద్దు మారినది గాని దాని క్రిందనున్న హోరు మారలేదు. కనుక టైర్లును కావు.

మిగిలినవి షాఫ్టు, దాని కీళ్లు, నడిమి బేరింగు, ఇరుసు దిమ్మ. ఇప్పుడు లెక్క వేయవలసి వచ్చినది. వెనుక టైరుపై సుద్దతో గీత గీసి, నేలపైనను గీత గీసి, బండిని చక్రము ఒక్క చుట్టు తిరుగువరకు నడిపించి కొలిచితిమి. మూడు మీటర్ల ఇరువది సెంటీమీటర్లు. గంటకు 48 కిలోమీటర్లనగా నిమిషమునకు 800 మీటర్లు. చక్రము నిమిషమునకు 250 చుట్లు, అనగా సెకనునకు నాలుగు చుట్లకు కొంచెము పైన. ఆ బండి క్రౌనునకు 43 పళ్లు, పినియనునకు 7. కనుక షాఫ్టు చక్రముకంటె ఆరు రెట్లకు పైగా వేగముగా తిరుగును. సెకనునకు ఇంచుమించు 26 చుట్లు. పినియను పళ్లు ఏడింటిని హెచ్చవేసినచో, పన్ను పన్నును తాకుట సెకనునకు సుమారు 180 మారులు.

180 అనగా హార్మోనియముమీద నాలుగు శ్రుతికి చేరువ. క్రౌను పినియనులు ఏడ్చినచో ఆ వేగమున అట్టి శ్రుతిలో, తంబురా తీగవలె, చక్కగా స్వరము గుర్తింపదగినట్లు ఏడ్చును. మేము వినుచున్నది అది కాదు. అంతకంటె చాల క్రిందిది. చెవికంటె ముందు అరికాళ్లకు తెలియునది. సీటు వెనుక రేకును, నీళ్ల సీసాను వణకించునది. ఎక్కడనో విన్నదియే యని తోచినది. ఎక్కడ? చిన్ననాట మా యింటి రేడియోలో. కరెంటు హోరు! సెకనునకు 50.

కుమారుని చేతిఫోనులో శబ్ద కంపనములను లెక్కించి గీతగా చూపు ఏర్పాటొకటి యున్నది. ఇట్టివి నేడు ఉచితముగా దొరకుచున్నవి. అతడు దానిని నేలరేకుకు ఆనించి చూచి, “యాభై ఒకటి దగ్గర పెద్ద గుట్టగా లేచిందండీ” అనెను. షాఫ్టు చుట్లు ఇరువదియాఱునకు కొంచెము తక్కువ, రెట్టించినచో 51. షాఫ్టు ఒక్క చుట్టు తిరుగులోపల రెండుమారులు కొట్టుకొనునది ఒక్కటే కలదు. అది కీలు.

ఈ కీలు మాట కొంత విపులముగా చెప్పవలెను. గేరుబాక్సు చట్రమునకు బిగింపబడియుండును. వెనుక ఇరుసు స్ప్రింగుపట్టీలపై ఎగిరిపడుచుండును. ఈ రెంటిని కలుపు షాఫ్టు తిరుగుచునే వంగవలెను. అందులకై ఇటు పంగ, అటు పంగ, నడుమ ఇనుప శిలువ. మన మేస్త్రీలు దానిని క్రాసు అందురు. 16వ శతాబ్దపు ఇటలీ పండితుడు కార్డానో పేరును, 17వ శతాబ్దపు ఆంగ్ల శాస్త్రజ్ఞుడు రాబర్టు హుక్కు పేరును ఈ కీలునకు నేటికిని చెల్లుచున్నవి. దీనిలో ఒక వంకర కలదు. వంగి తిరుగునప్పుడు ఇటువైపు ఎంత నిలకడగా త్రిప్పినను అటువైపు నిలకడగా తిరుగదు. ఒక్క చుట్టులో రెండుమారులు త్వరపడును, రెండుమారులు వెనుకపడును. వంపు పది డిగ్రీలైనచో ఈ హెచ్చుతగ్గు నూటికి ఒకటిన్నర పాలు. చిన్నదే గాని సెకనునకు 51 మారులు జరిగినచో చిన్నది కాదు.

దీనికి విరుగుడు ఆ షాఫ్టు రెండవ చివరనున్న కీలే. మొదటిది త్వరపడినప్పుడు రెండవది అంతే వెనుకపడి లెక్క సరిచేయును. ఒకే రోటిలో ఇద్దరు స్త్రీలు రోకళ్లు వేయునట్లు. ఒకరిది లేచునప్పుడు ఒకరిది పడవలెను, లయ తప్పినచో రోకలి రోకలిని కొట్టును. ఈ లయ నిలుచుటకు రెండు కట్టడులు. రెండు కీళ్ల వంపులు సమానముగా నుండవలెను. షాఫ్టు రెండు చివరల పంగలు ఒకే వరుసలో నుండవలెను.

బండి మరలించి చెట్టునీడ నిలిపి, ఇంజను ఆపి, చక్రములకు ముందువెనుకల దిమ్మలు పెట్టించితిమి. చట్రము క్రింద జాకీ పెట్టి ఎత్తించలేదు. అట్లెత్తినచో ఇరుసు వ్రేలాడి, కీళ్ల వంపు మారి, లేని దోషము కనబడును, ఉన్నది దాగును. బండి తన బరువున తాను నిలిచియుండగనే క్రిందికి దూరి చూడవలెను. దూరకముందు మేము అడిగిన ప్రశ్న నిజమునకు మొదటి సాయంకాలమే అడుగవలసినది. “ఈ హోరు ఎప్పటినుండి?”

“మిరప మొదలైన కాడినుంచీ.”

“అంతకుముందు షాఫ్టు ఎవరైన విప్పిరా?”

అతడు కొంచెము ఆలోచించి, “సంక్రాంతి ముందు క్రాసులు మార్పించా. కానీ అప్పుడేం హోరు లేదండీ. ఆ నెలంతా ఇటుక తోలాం, పక్క ఊళ్లకే. నలభై ఎప్పుడు దాటాం?” అని తానే ఆగిపోయెను. నలుబది దాటని బండిలో నలుబది ఎనిమిదికి పుట్టు హోరు ఎట్లు వినబడును?

వెనుక షాఫ్టు రెండు భాగములు. ఒకటి రెండవదానిలోనికి గాడులగుండ జొరబడి, ఇరుసు ఎగిరినప్పుడు ముందుకు వెనుకకు జరుగుచుండును. విప్పి మరల జొనుపునప్పుడు ఏ గాడికి ఏ గాడి యని తెలియుటకు, చేసినవారే రెంటిమీదను బాణపు గుర్తులు కొట్టియుందురు. ఒకదాని కెదురుగా ఒకటి రావలెను. మేము చూచినప్పుడు గుర్తు లేదు, ఇనుమే లేదు. ఎండిన గ్రీజు, నల్లరేగడి బురద వేలెడు మందమున పట్టియున్నవి. కిరసనాయిలుతో కడిగి గోనెతో తుడువగా ఒక బాణము కనబడినది. రెండవ దానికొరకు చుట్టును వెదకవలసివచ్చినది. అది రెండు గాడుల ప్రక్కనున్నది. చుట్టునకు పదునారు గాడులు గనుక రెండు గాడులనగా నలుబదియైదు డిగ్రీలు. బాణము కనుగొనక ముందే పంగలు చెప్పుచున్నవి. ఒకటి నిటారుగానున్నది, రెండవది ప్రక్కకు ఒరిగియున్నది. ఇన్నినాళ్లు అందరమును దాని మీదుగా నడచుచున్నాము.

క్రాసులు మార్చిన మేస్త్రి పేరు ఇచ్చట అనవసరము. పండుగ ముందటి రాత్రి, దీపపు వెలుగున, బురద పట్టిన గొట్టము. క్రాసులు మాత్రము చక్కగా బిగించినాడు. గుర్తు చూడకుండుట అతని తప్పే, కాని క్రౌను పోయినదని చెప్పిన చోటు వేరు. అచ్చట ఎవరును క్రిందికి దూరలేదట. హోరు వినగానే క్రౌను అనుట కొందరికి వాడుక. వెనుక ఇరుసు ఖరీదైన చోటు గదా!

ఇట్టి దోషము నుపేక్షించినచో ఏమగునని అతని కుమారుడు అడిగెను. ఆ వణకు మొదట నడిమి బేరింగు రబ్బరును తినును, తరువాత క్రాసు సూదులను, పినియను బేరింగును. క్రాసు విరిగి షాఫ్టు ముందుకొన రోడ్డుపై పడినచో, పరుగెత్తు బండికి అది గునపమువలె నేలలో నాటుకొనును. షాఫ్టు క్రింద ఇనుప కడియమొకటి పెట్టుట ఇందులకే. ఆ బండికి ఆ కడియము లేదు. ఎప్పుడో ఊడిపోయిన దానిని మరల పెట్టలేదు. అది హోరుకంటె పెద్ద తప్పని మేము గట్టిగనే చెప్పి, ఆ దినముననే పెట్టించితిమి.

షాఫ్టు ఒక చివర విప్పి, రెండు గాడులు జరిపి, బాణమున కెదురుగా బాణము పెట్టి బిగించుటకు అరగంట పట్టినది. నడిమి బేరింగు రబ్బరు ఒకవైపు చినిగియుండెను, దానిని మార్పించితిమి. ఇరుసు దిమ్మ మూత విప్పి వ్రేలు పెట్టి చూడగా నూనె అంచుకు అందుటలేదు; కొంత 140 నూనె పోయించితిమి. అయిన ఖర్చు ఆ నాటి యొక్క కిరాయిలో పాలు మాత్రమే.

మధ్యాహ్నము మరల అదే రోడ్డు. నలుబది. నలుబదియైదు. నలుబది ఎనిమిది. సీసాలోని నీరు కదలలేదు. హోరు తొలగిన తరువాత దాని వెనుక దాగియున్న సన్నని యేడుపొకటి బయటపడినది, కాలు త్రొక్కినప్పుడు మాత్రమే, సరిగా నాలుగు శ్రుతిలో. మేము ఉలికిపడితిమి. అతడు నవ్వి, “అది దీన్ని కొన్నప్పటినుంచీ ఉందండీ. అది క్రౌనే. దానికేం కాదు” అనెను. వయసు మీరిన పళ్ల సద్దు అది. హెచ్చనంతవరకు దానినట్లే యుండనిచ్చి, నూనె మట్టము మాత్రము చూచుకొనుచుండుమని చెప్పితిమి.

ఇంటికి చేరిన తరువాత కుమారుడు తెల్లరంగు డబ్బా తెచ్చి, షాఫ్టు రెండు భాగముల మీదుగా, బాణములను కలుపుచు, బొటనవ్రేలి వెడల్పున గీత గీసెను. ఆ రాత్రియే టిక్కీలు ఎక్కించిరి. మేమును గుంటూరు పోవలసియుండి అదే బండిలో కూర్చుంటిమి. సత్తెనపల్లి దాటుచుండగా అతడు చేయి చాపి, సంక్రాంతి తరువాత తాకని రేడియో మీట త్రిప్పెను. ఎవరో నాదస్వరము వాయించుచున్నారు. పెద్దది చేయనక్కరలేకపోయినది.